ఒక కణుపు ఊదొత్తి

నాయుడుపేటలో మా బావ వాళ్ళింట్లో, పెళ్ళి సందడి మధ్యలో, కక్కసులో ఊదొత్తి వెలిగించి పట్టుబడ్డాను.

పట్టుకున్నది మా బావే. అంటే మా మేనమామ కొడుకు, పెళ్ళికూతురి తండ్రి. బయట నలుగురు ఒంటికాలి మీద నిలబడి ఉంటే, తలుపు సందులోంచి మల్లెపూల వాసన పొగ వచ్చిందట. ధబధబా బాదాడు.

"ఏం బావా, లోపల ఏం జేస్తా ఉండావు? అర్చనా?"

"రోంత ఉండు బావా. రెండు కణుపులు కాలింది, ఇంకా తొట్టి నిండలేదు" అన్నాను.

నిజం చెబితే ఇంత నష్టమని నాకు అంతకు ముందు అనుభవం లేదు. నేను తలుపు తీసేసరికి నలుగురు కాస్తా పదిమంది అయ్యారు. వంటవాళ్ళు కూడా గరిటెలతో వచ్చారని చెప్పను గానీ, ఒకడు మాత్రం వచ్చాడు. చేతిలో పొగలు కక్కుతున్న ఊదొత్తితో నేను బయటికి వస్తుంటే, వరసలో అందరికన్నా వెనక నిలబడ్డ పెద్దాయన, పెళ్ళికొడుకు తరఫు ఆయన, నోరంతా తెరిచి నవ్వాడు.

"ఎవురప్పా నువ్వు? ఐరాల మేస్త్రి మాదిరి ఊదొత్తితో తొట్టి కొలస్తా ఉండావే!"

నేను వరస దాటుకుని ఆయన దగ్గరికి పోయాను. "ఆయన మీకు తెలుసునా?"

"మాదీ ఐరాలే గదా. తెలీకేం? ఆయప్ప పోయినాడు లే, పోయిన కార్తీకంలో. నిద్దట్లోనే."

అలా, కక్కసు ముందు వరసలో నిలబడి ఆ కబురు విన్నాను. ఇంకెక్కడ విన్నా అంత సబబుగా ఉండేది కాదు. ఆయన గనక పక్కన ఉంటే, "మంచి చోటే సెప్పినారు సామీ, ముందు తొట్టి సంగతి సూడు" అనేవాడు.

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి వినమని మా ఆవిడ పెళ్ళయిన కొత్తలోనే చుట్టాలందరికీ చెప్పి పెట్టింది. ఆమె మాట కాదనను. కానీ ఈ మేస్త్రి విషయంలో ఏ సగం తీసేయాలో నాకే తెలియదు. ఎందుకంటే ఆయన నాకన్నా పెద్ద కోతలరాయుడు. పైగా ఆయన కోతల్లో మూడొంతులు నిజమని తర్వాత తేలేది. నాకు ఆ అవమానం ఎప్పుడూ జరగలేదు.

ఆయన పేరు నాకు తెలియదు. కక్కసుల్లో పైపులు, తొట్లు బాగుచేసే మనిషి. తిరుపతి లాడ్జీల వాళ్ళకు ఆయన ఐరాల మేస్త్రి. ఐరాలలో తిరుపతి మేస్త్రి అనేవాళ్ళట. మనిషి పొడుగు, బక్కపలచన. మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన పంచె, భుజాన గోనెసంచి, అందులో రెండు రెంచీలు, కాస్త జనపనార, ఒక రాగితీగ చుట్ట. అందరు మేస్త్రీలు చెవి మీద పెన్సిల్ పెట్టుకుంటే, ఈయన చెవి మీద ఊదొత్తి. ఏ కక్కసులోకి పోయినా చెప్పులు బయట విడిచేవాడు. భక్తి అనుకునేరు. అడిగితే, "పైపులో నీళ్ళు నడిస్తే అరికాలికి తెలుస్తాది. చెప్పులేసుకుంటే చెవుడొచ్చినట్టే" అనేవాడు.

ఊదొత్తి ఎందుకంటే, తొట్టి నిండే వేళను కొలవడానికి. కక్కసు మీద ఉండే నీళ్ళతొట్టి గొలుసు లాగి, నీళ్ళు దబ్బున పోగానే ఊదొత్తి వెలిగించి కిటికీ సందులో గుచ్చేవాడు. బొటనవేలి గోరుతో దాని మీద వేలి కణుపంత కణుపంత దూరాన గీతలు పెట్టి ఉండేవి. "ఒగ కణుపు కాలేలోగా తొట్టి నిండాల. రెండు కణుపులయితే ఓర్సుకోవచ్చు. మూడు దాటితే ఆ ఇంట్లో ఎవురో ఒకరు బాధ పడతా ఉంటారు" అనేవాడు. ఆ ఆఖరి మాట మొదటిసారి విన్నప్పుడు నేను నవ్వాను.

"వాచీ కొనుక్కోరాదా మేస్త్రీ?" అన్నాను ఒకసారి.

"వాచీ ఉంటే మనిసి వాచీనే సూస్తా ఉంటాడు సామీ. ఇదైతే కండ్లు మూసుకోని నీళ్ళు ఇనొచ్చు. ముక్కుకు గూడా మేలు."

మా వీధి చివర లాడ్జిలో ఒక గదిలో తొట్టి ఎంతకీ నిండటం లేదని పిలిస్తే, మూత ఎత్తి చూశాడట. తేలే బంతి కింద, ప్లాస్టిక్ కవర్లో మూతిబిగించి, లడ్డూలు. ఎవరో యాత్రికుడు, వెంట వచ్చిన తోడల్లుడి కంటబడకుండా దాచుకుని, రైలు హడావుడిలో మరిచిపోయాడు. ఈ కథ చెప్పి చేతులు దులుపుకున్నాడు.

"మరి ఆ లడ్డూలు ఏం చేసినావు?" అన్నాను.

"పెసాదాన్ని పారేస్తారా సామీ? కండ్లు పోవూ!" అన్నాడు. ముందురోజే ఆయన మా ఇంటిల్లిపాదికీ తలా ఒక లడ్డూముక్క పెట్టి ఉన్నాడు.

ఆయన సొంత ఇంట్లో మాత్రం కక్కసు లేదు. "ఊరి మంది తొట్లన్నీ సూస్తా ఉండావు, నీకొకటి కట్టుకోరాదా?" అని మా ఆవిడ అడిగితే, "మాకు చేను ఉండాది గదమ్మణ్ణీ. దాన్ని ఎవురూ రిపేరు జేయాల్సిన పని లేదు" అన్నాడు.

ఇక మా ఇంటికి ఆయన మొదటిసారి వచ్చిన రోజు సంగతి. దీంట్లో మాత్రం సగం తీసేయకండి.

మా నాయనకు చిత్తూరులో బెల్లం మండీ. ఇల్లు తిరుపతిలో. మొదటి బస్సుకు పోయి, దీపాలు పెట్టాక వచ్చేవాడు. ఒక మాట మనిషి. బెల్లం దిమ్మె గోటితో గీరి, నాలిక మీద వేసుకుని ఒక ధర చెబితే, అవతలివాడు తిరుమల కొండంత పొగిడినా, తిట్టినా, ఆ ధరే. అలాంటి మనిషి ఒకనాడు లారీ పైకెక్కి సరుకు చూస్తూ కాలు జారి కింద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. వేలూరు ఆసుపత్రికి తీసుకుపోయి కోయిస్తే, లోపల ఒక కమ్మీ వేసి, "ఇక ఈ జన్మలో గొంతుక్కూర్చోకూడదు" అని చెప్పి పంపారు.

అందుకని మా వీధిలో మొట్టమొదటి కుర్చీ కక్కసు మా ఇంట్లో వెలిసింది. దానికోసమే మిద్దె మీద చిన్న సిమెంటు ట్యాంకు కట్టించి, బావి మోటారుతో నింపేవాళ్ళం. తక్కిన ఇంటికంతా కింది కొళాయి నీళ్ళే. వీధి వీధంతా వచ్చి చూసిపోయింది. గొలుసు లాగితే నీళ్ళు దూకడం చూసి పక్కింటి ముసలమ్మ దండం పెట్టింది. టికెట్టు పెడదామా అని నేనంటే, నాయన చేతికర్ర ఎత్తి చూపించాడు.

మొదటి నెల బాగానే ఉంది. ఆ తర్వాత తొట్టి నిండటం మెల్లమెల్లగా ఆలస్యమైంది. ఒకసారి గొలుసు లాగితే మళ్ళీ నీళ్ళు రావడానికి ముప్పావుగంట. ఒక మేస్త్రి వచ్చి వాషరు మార్చాడు. ఇంకొకడు వచ్చి బంతి మార్చాడు. తొట్టి మాత్రం అలాగే సన్నగా ఏడుస్తూ ఉండేది.

అదే రోజుల్లో నాయన తిండి తగ్గించాడు. మొదట మా ఆవిడ కనిపెట్టింది. రెండు ముద్దల సంగటి ఒకటైంది. ఒకటి అరయింది. రాత్రిపూట మజ్జిగ నీళ్ళు. "ఆకలి లేదు పో మ్మే" అనేవాడు. డాక్టరు టానిక్కు రాసిచ్చాడు. మరో డాక్టరు టానిక్కు మార్చాడు. ఆ సీసాలూ తొట్టి వాషర్లూ ఒకే తీరున పనిచేశాయి. మెడ కింద ఎముకలు తేలాయి. నెల తిరిగేసరికి మంచం మీంచి లేవడానికి రెండుసార్లు ఊపిరి పీల్చుకోవలసి వచ్చేది. కాలు అతుక్కుంటుంది గానీ అంతవరకు మనిషి నిలుస్తాడా అని మాకు దిగులు పట్టుకుంది.

అమ్మ తన మార్గంలో తాను పోరాడింది. కాలు విరిగిన వారానికే పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ వేసి కొండకు ముడుపు కట్టింది. నాయన దాన్ని బియ్యం డబ్బాలో పట్టుకుని విప్పేశాడు. రెండోసారి బెల్లం కుండ వెనక పెట్టింది. బెల్లం కుండ దగ్గర ఆయన కన్నుగప్పగలరా? అదీ విప్పేశాడు. నాయనకు దేవుడంటే కోపం లేదు. "అడ్వాన్సు ఇచ్చి సరుకు ఎత్తేది నా యాపారంలో ల్యా. ఆయనతో గూడా అంతే" అనేవాడు. ఆ తర్వాత అమ్మ ముడుపు మాట ఎత్తలేదు. వదిలేసింది పాపం అనుకున్నాం.

లాడ్జి వాళ్ళు చెబితే ఐరాల మేస్త్రిని పిలుచుకొచ్చాను. వచ్చీ రాగానే నన్నేమీ అడగలేదు. నేరుగా మా ఆవిడ వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పమ్మణ్ణీ. నీళ్ళ సంగతి మొగోళ్ళకేం తెలుసు? ఎన్నాళ్ళ నుంచి?"

"నెలా పది దినాలయింది మేస్త్రీ. మొదట్లో బిన్నా, ఇట్ల లాగితే అట్ల, నిండతా ఉన్నింది."

చెప్పులు విడిచి లోపలికి పోయాడు. గొలుసు లాగాడు. చెవి మీది ఊదొత్తి తీసి వెలిగించాడు. అప్పుడే అటుగా వచ్చిన మా అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో అయ్యో! దేవుడి ఊదొత్తి కక్కసులోనా? నీకేమన్నా ఉండాదా లేదా?"

"దేవుడు గూడా నీళ్ళ మీదనే గదా పండుకోనుండేది తల్లీ. ఏమీ అనుకోడు" అన్నాడు మేస్త్రి కళ్ళు తెరవకుండా. గోడకు ఆనుకుని వింటున్నాడు. ఒక కణుపు కాలింది. రెండు కాలింది. అమ్మ గొణుగుతూ వెళ్ళిపోయింది. మూడు, నాలుగు. వత్తి సగానికి పైగా కాలిపోయింది.

కళ్ళు తెరిచి తొట్టి వైపు చూడలేదు. గోడ వైపు చూశాడు. గొలుసు పక్కన సున్నం గోడ మీద, భుజమెత్తున, అరచెయ్యంత మరక. దానికి కొంచెం పైన తలనూనె మరక. కింద నేల మీద ఒక చోట సిమెంటు గుండ్రంగా అరిగి నున్నగా అయ్యింది, చేతికర్ర మొన అంత. నేను రోజూ ఆ గదిలోకి పోయేవాణ్ణే. ఒక్కరోజూ చూడలేదు.

"ఈడ ఎవురు నిలబడుకుంటారు సామీ?" అన్నాడు.

"నిలబడుకోవడమేంది మేస్త్రీ? కూచునే కక్కసు గదా ఇది."

ఆయన నా మొహం వైపు జాలిగా చూసి, సంచి అక్కడే పెట్టి, నాయన మంచం దగ్గరికి పోయి నేల మీద కూర్చున్నాడు. నేను తలుపు ఇవతల ఆగిపోయాను.

"పెద్దాయనా, ఈ మద్దె ఎంత తింటా ఉండారు?"

"నా తిండి సంగతి నీకెందుకప్పా? పోయి తొట్టి సూడు."

"తొట్టే సెప్పింది, అందుకే అడగతా ఉండా. కక్కసు మేస్త్రికి గాకుంటే ఇంగెవురికి సెప్తారు? నేను ఎవురికి సెప్పబోతాను, ఆ బంతికా?"

మంచం కిర్రుమంది. తర్వాత నాయన గొంతు వినిపించింది. మండీలో ధర చెప్పే గొంతు కాదది.

"ఒకసారి లాగితే అంతా పోదప్పా. రెండోసారికి ముప్పావుగంట. అట్లే ఇడిసిపెట్టి వచ్చేస్తే, కోడలుబిడ్డ బక్కెట్టు ఎత్తుకోని పోతాది. పరాయింటి నుంచి వచ్చిన బిడ్డ. ఆ బిడ్డ చేత ఆ పని... నా వల్ల గాదు. బక్కెట్టు ఎత్తేదానికి నాకు ఇంగో చెయ్యి ల్యా, కర్ర పట్టుకోవాల గదా. అందుకని తొట్టి నిండిందాకా నిలబడుకుంటా. కాలు పీకతాది."

"అందుకని తినేది మానేసినారు."

"తింటేనే గదా పోవాల్సి వస్తాది" అన్నాడు నాయన.

ఇద్దరు డాక్టర్లు కడుపు నొక్కి చూశారు. నేను కొడుకుని. ఇంట్లో ఇంతమంది ఉండి టానిక్కు సీసాలు ఊపుతూ కూర్చున్నాం.

మేస్త్రి లేచాడు. "పొద్దు ఇంకా ఎక్కలా. ఈ మద్దేనానికే మీరు రెండు ముద్దలు తినాల. తినకుంటే నేను ఐరాలకు పోను, ఈడనే పండుకుంటా" అని, కక్కసులోని చేతికొళాయి తిప్పి చూశాడు. అదీ దారంలాగే కారింది. "రోగం తొట్టిలో ల్యా. నెత్తిన ఉండాది. రా సామీ" అంటూ మిద్దెక్కాడు.

మిద్దె మీద ట్యాంకు మూతబండ ఇద్దరం జరిపాం. నిండుగా నీళ్ళు. ఆయన బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి పెట్టి అడుగున తడిమాడు. "ఏందో మెత్తగా తగల్తా ఉండాది" అన్నాడు. పట్టి లాగాడు. కింద పైపులో గుడగుడమని పెద్ద శబ్దం. ఆయన చేతిలో, నానిపోయిన పసుపు గుడ్డ మూట. పైపు నోటికి అతుక్కుని ఉన్న మేర గుండ్రంగా అచ్చు పడి ఉంది.

వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. అమ్మ మెట్లెక్కి వచ్చి, ఆ మూట చూసి, అక్కడే ఎండలో కూలబడింది.

"ఇంట్లో యాడ పెట్టినా కనుక్కుంటా ఉండాడు నాయనా" అంది మేస్త్రితో. "మిద్దె మీదికైతే రాలేడు గదా. నీళ్ళల్లో ఉంటే ఎలకలు లాక్కోని పోవు, మైల గూడా తగలదనుకుంటి. ఆయన తన కాళ్ళతో మిద్దెక్కి వచ్చిన దినం, దీన్ని కొండకు ఇస్తానని మొక్కినాను." కింద నాయన మాటలు ఆమె కూడా వినే ఉంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయితే నేనేనా? నా చేతుల్తో నేనే ఆయన కూడు తీసేసినానా?"

నేను ఏదో ఒకటి చెప్పి నవ్వించడానికే పుట్టినవాణ్ణి. ఆ నిమిషాన మాత్రం నా తువ్వాలు తీసి, అమ్మ నెత్తికి ఎండ తగలకుండా పట్టుకున్నాను.

మేస్త్రి ముంజేతి నీళ్ళు పంచెకు తుడుచుకున్నాడు. "నువ్వు యాడ పెట్టినావు తల్లీ?"

"ఆ మూలన."

"సూసినావా, నువ్వు మూలనే పెట్టినావు. నీళ్ళకు కండ్లు ల్యావు. అవే లాక్కోని వచ్చి పైపు కాడ పెట్టినాయి. తప్పు నీళ్ళది. నీళ్ళను కొడదామా?"

అమ్మ ముక్కు చీదుకుంది. "ఇటియ్యప్పా, ఇప్పేస్తా. నాకు ఈ మొక్కూ వద్దు, ఏమీ వద్దు."

మేస్త్రి మూటను వెనక్కి తీసుకున్నాడు. "కట్టిన మొక్కు ఇప్పమనేదానికి నేనెవుర్ని, ఇప్పేదానికి నువ్వెవురు? పెద్దాయన ఇంగా మిద్దెక్కలా గదా. మొక్కు నీది, ట్యాంకు నాది. రెండింటికీ దారి జేస్తా ఉండు."

గోనెసంచిలోంచి రాగితీగ తీశాడు. మూట మెడకు రెండు చుట్లు చుట్టి, కొస మెలిపెట్టి, మూతబండకు ఉన్న ఇనుప కడియానికి లోపలివైపు వేలాడగట్టాడు, నీళ్ళకు జానెడు ఎత్తున. కొస ఎవరి చేతికీ గుచ్చుకోకుండా లోపలికి వంచాడు. ఒక అవ్వ పూలమాల ముడి వేసినంత శ్రద్ధగా వేశాడు ఆ ముడి.

"నాయన అడిగితే ఏం చెప్తావు మేస్త్రీ?" అన్నాను.

"అడిగినదానికి సెప్తా. అడగందానికి ఎందుకు సెప్పేది?"

కిందికి రాగానే నాయన అడగనే అడిగాడు. "ఏముండాదప్పా పైన?"

"గుడ్డపీలిక పెద్దాయనా. పైపు నోటికి అడ్డం పడుకోనుండాది. తీసేసినా. లెయ్యండి, గొలుసు మీరే లాగాల. లాగినోడికే తెలియాల, నిండిందని."

నాయనను నడిపించుకుంటూ తీసుకుపోయాడు. నాయన గొలుసు లాగాడు. దబ్బున నీళ్ళు దూకాయి. మేస్త్రి కొత్త ఊదొత్తి వెలిగించి, కిటికీలో గుచ్చకుండా నాయన చేతికే ఇచ్చాడు. పైన తొట్టిలో నీళ్ళు జలజలా పడే శబ్దం. నాయన కర్ర మీద ఒరిగి, ఎర్రటి ఆ నిప్పుచుక్కను చూస్తూ నిలబడ్డాడు. అలవాటుకొద్దీ అరచెయ్యి గోడ మీది మరక మీదికే పోయింది. నిప్పు మొదటి గీత చేరకముందే శబ్దం ఆగిపోయింది.

"లాగండి మళ్ళా" అన్నాడు మేస్త్రి.

నాయన లాగాడు. మళ్ళీ నీళ్ళు. మళ్ళీ లాగాడు. నాలుగుసార్లు లాగాడు, నా కోతల లెక్కలో పన్నెండుసార్లు. చివరికి వెనక్కి తిరిగి, గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడతో అన్నాడు.

"మ్మే, సంగటి కెలికినావా? నంజుకునేదానికి ఊరిబిండి ఉంటే వెయ్యి. మేస్త్రికి గూడా పెట్టు."

మా ఆవిడ వంటింట్లోకి పోయి మాకు కనబడకుండా కళ్ళు తుడుచుకుంది. ఆ మధ్యాహ్నం నాయన రెండు ముద్దలు తిని, మూడోది అడిగాడు. మేస్త్రి నాలుగు తిన్నాడు.

తర్వాత పిలవకపోయినా ఆయన మూడు నెలలకో నాలుగు నెలలకో వచ్చేవాడు. లాడ్జి పని చూసుకుని పోతూ పోతూ మా పైపుకు చెవి ఆనించి, "బాగుండావా?" అనేవాడు. అడిగేది పైపునో నాయననో తెలిసేది కాదు. ఇద్దరూ బాగున్నామనే చెప్పేవాళ్ళు.

మేస్త్రి మొదటిసారి వచ్చి పోయిన ఏడో నెలలో ఒక పొద్దున, ఎవరికీ చెప్పకుండా, నాయన కర్ర పట్టుకుని మిద్దె మెట్లెక్కడం మొదలుపెట్టాడు. మెట్టుకొక ఊపిరి. కింద అమ్మ రెండు చేతులూ జోడించి, నన్ను కదలనివ్వకుండా గుడ్లురుముతూ నిలబడింది. నాయన పైకి చేరాడు. వ్యాపారి కదా, ఎక్కినవాడు సరుకు చూడకుండా వస్తాడా? మూతబండ జరిగిన చప్పుడు వినిపించింది.

దిగి వచ్చాక ఆయన చేతిలో ఆ పసుపు మూట ఉంది. విప్పలేదు. తీగ మెలికను వేలితో తడిమి చూస్తున్నాడు.

"మ్మే, మూట నీదే. ఈ కట్టు మాత్రం నీది గాదే?"

అమ్మ తల వంచుకుంది. "ఐరాలాయన కట్టినాడు."

నాయన ఆ మెలికను ఇంకోసారి చూశాడు. మంచి బెల్లం దిమ్మెను చూసినట్టే చూశాడు. మూట అమ్మ చేతిలో పెట్టి, "సరుకు ముట్టింది. పోయి ఇచ్చేసి రా" అన్నాడు. నాలుగడుగులు వేసి ఆగి, "బస్సులో పోయేటట్టయితే నేను గూడా వస్తా" అన్నాడు.

ఆ తర్వాత మేస్త్రి వచ్చినప్పుడు నాయన మంచం మీంచే గద్దించాడు. "ఏమప్పా, గుడ్డపీలికంటివే!"

"గుడ్డపీలికే గదా పెద్దాయనా. లోపల ఏముండాదో నేను ఇప్పి సూస్తినా?"

"నాకు ముందే సెప్పింటే?"

"మీరు ఇప్పేసుందురు. మళ్ళా ఆయమ్మ నాలుగోది కట్టుండును. అది యాడ పెట్టేదో, దాన్ని నేను ఏ పైపులో ఎతుక్కునేదో!"

నాయన నవ్వాడు. కాలు విరిగాక ఆయన అలా ఒళ్ళంతా కదిలేలా నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత ఇంకా పన్నెండేళ్ళు తిన్నాడు మా నాయన. బతికాడు అనడం లేదు, తిన్నాడు అంటున్నాను. ఆ తిన్న ప్రతి ముద్దలో ఐరాల మేస్త్రికి ఒక గోరంత వాటా ఉందని నా నమ్మకం. ఆయనతో ఈ మాట ఒకసారి అంటే, "అందుకేనేమో సామీ, నాకు యాడ కూచున్నా తేన్పులొస్తా ఉండాయి" అన్నాడు.

నాయుడుపేటలో నేను ఊదొత్తి ఎందుకు వెలిగించానో ఇంకా చెప్పలేదు కదూ. పొద్దున టిఫిన్ల దగ్గర మా అత్తమ్మ, అంటే మా బావ వాళ్ళమ్మ, పెళ్ళికూతురి నాయనమ్మ, ఇడ్లీలో సగం తుంచి పక్కకు పెట్టి, "ఆకలి ల్యా లేప్పా" అంది. మోకాళ్ళు అరిగి చేతికర్ర పట్టుకున్న మనిషి. ఆ తర్వాత నేను కక్కసుకు పోతే, తొట్టి పక్కన నున్నటి గోడ మీద, పొట్టి మనిషి భుజమెత్తున, అరచెయ్యంత మరక కనబడింది. పూజగదిలోకి పోయి ఊదొత్తి తెచ్చుకున్నాను.

పట్టుబడి, నవ్వులపాలై, ఆ కబురు విని, ఐరాల పెద్దాయన చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడ్డాక, నేను మిద్దెక్కాను. నా మోకాళ్ళూ ఇప్పుడు అంత మంచివి కావు. పైన ట్యాంకులో ఏ మూటా లేదు. దాని కింద పైపుకున్న వాల్వు మాత్రం ముప్పాతిక మూసి ఉంది. ఏ ఎండాకాలంలోనో నీళ్ళ కరువని మా బావే తిప్పి, మరిచిపోయి ఉంటాడు. రెండు చేతులతో పట్టి తిప్పితే కిర్రుమని తెరుచుకుంది. కాళ్ళకు చెప్పులు లేవు. అరికాలి కింద, పైపులో, నీళ్ళు నడిచాయి.

"ఏముండాది బావా పైన?" అన్నాడు మా బావ, కూతురి పెళ్ళి చెమటలతో.

"ఒక పిడి బిగుసుకోనుండాది. తిప్పినా" అన్నాను. అడిగినదానికి చెప్పాను.

అత్తమ్మను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, మీట ఆమె చేతే నొక్కించి, మిగిలిన ఊదొత్తి ముక్క ఆమె చేతికిచ్చాను. "ఏందిరా ఈ యేసాలు?" అంది. అంటూనే చెవి తొట్టి వైపు తిప్పింది. నీళ్ళు జలజలా పడి, కణుపు కాలకముందే ఆగిపోయాయి. ఆమె తొట్టి వైపు చూసింది. నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

బయట రెండో పంక్తికి విస్తళ్ళు పరుస్తున్నారు.

"రేయ్" అంది అత్తమ్మ, కర్ర సర్దుకుంటూ. "నాకు గూడా ఒక ఆకు ఎయ్యమను."